దిమాగ్‌కి ఎంత, కళ్ళకి ఎంత

చిన్నప్పుడు ఉర్దూ మీడియం లెక్కల్లో నన్ను భయపెట్టని సబఖ్ ఒక్కటే ఉండేది. నిస్బత్, తనాసుబ్. తెలుగు మీడియం దోస్తులు దాన్నే నిష్పత్తి, అనుపాతం అని చదువుకున్నారు. జబాన్ వేరైనా మతలబ్ ఒకటే. ఇది ఇంత ఉంటే అది ఎంత ఉండాలి? కిలో బియ్యానికి ఎంత గోష్త్, అంత గోష్త్‌కి ఎంత పెరుగు? మా ఇంట్లో ఆడవాళ్ళు కలం పట్టకుండానే చేసే హిసాబ్ అది.

నలభై దాటాక ఆ సబఖ్ మళ్ళీ తీయాల్సి వచ్చింది. గేమింగ్ కంప్యూటర్ కోసం.

షౌఖ్ మావాడిది. పైసలు వాళ్ళమ్మీవి. మొహల్లా ఆడవాళ్ళతో కలిసి నెలకు 3,500 చొప్పున 20 నెలలు వేసిన చిట్టీ, 2024 రంజాన్‌కు ముందు చేతికొచ్చింది. 70 వేలు. ఫ్రిజ్ మార్చాలన్నది ఆమె అసలు ఇరాదా. కానీ ఇంటర్ పరీక్షలు అయిపోయిన పిల్లగాడు సాయంత్రమైతే గేమింగ్ కెఫేలో గంటకింత అని కట్టి కూర్చుంటున్నాడు, ఇల్లు చేరేసరికి రాత్రి పదవుతోంది. ఆమె ఫ్రిజ్ సంగతి పక్కన పెట్టేసింది. "ఆడేదేదో నా కళ్ళ ముందు ఆడనీ" అంది. ఒక షరతు కూడా పెట్టింది. "ఈ పైసా అమానత్. ఐదేళ్ళు నడవాలి. మధ్యలో పాడైంది, పాతబడిందని నా దగ్గరికి రావద్దు."

ఆ షరతు వినే నేను ఇందులోకి దిగాను. అప్పటికి గేమ్స్ గురించి నాకు తెలిసింది సున్నా. నేనూ మావాడూ ఆ రోజుల్లో మాట్లాడుకునేది కూడా అంతంత మాత్రమే. తిన్నావా, హౌ. ఎప్పుడొస్తవ్, వస్తా. కానీ 70 వేలు, ఐదేళ్ళు అనే రెండు అంకెలు ఎదురుగా ఉంటే ఎవడైనా కాగితం, కలం తీస్తాడు.

మావాడి దగ్గర ఫైస్లా ముందే తయారుగా ఉంది. రైజెన్ 7 7800ఎక్స్3డీ. 2023 ఏప్రిల్‌లో వచ్చిన ఏఎండీ ప్రాసెసర్. గేమ్స్ వరకు అప్పటికి దాన్ని మించింది లేదని యూట్యూబ్ ఉస్తాద్‌లంతా ఒకే మాట మీద ఉన్నారు. వాళ్ళు చెప్పింది నిజమే. వాడి కాగితం మీద ఆ ఒక్కదానికే సగం పైసలు పోయాయి. దానికి తగిన మదర్‌బోర్డు, మెమరీ, స్క్రీన్ రాసేసరికి మిగతా సగమూ గల్లంతు. గ్రాఫిక్స్ కార్డు అని రాసిన చోట ఒక పెద్ద ప్రశ్నార్థకం పెట్టి ఉంచాడు.

"అది తర్వాత చూద్దాం అబ్బా. ముందు దిమాగ్ మంచిది కావాలి కదా."

దిమాగ్ అన్న ఈ లఫ్జ్ దగ్గరే మనలాంటి వాళ్ళు పక్కదారి పడతారు. సీపీయూ అంటే కంప్యూటర్‌కు మెదడు అని ప్రతి స్కూల్లో చెప్తారు. మెదడు అన్నాక ఎంత పెద్దదైతే అంత మంచిదనే అనుకుంటాం. దఫ్తర్‌లో వార్త టైప్ చేసే కంప్యూటర్‌కు ఆ మాట సరిపోతుంది. గేమ్ అలా కాదు. అందులో పనిచేసేవాళ్ళు ఇద్దరు. లెక్క తేల్చేవాడు ఒకడు, బొమ్మ గీసేవాడు ఇంకొకడు. ఇద్దరిలో ఎవడు నెమ్మదివాడైతే ఆట వాడి చాల్‌లోనే నడుస్తుంది.

ఇరవై ఏళ్ళకు పైగా అఖ్బార్‌లో బతుకుతున్నవాణ్ణి. ఏ సంగతైనా మా డెస్కు మీదికి తెచ్చుకుంటే తప్ప నా బుర్రకెక్కదు. ఇదీ అలాగే ఎక్కించుకున్నాను. నా బచ్‌పన్‌లో మా ఇంటికొచ్చే ఉర్దూ అఖ్బార్ కాతిబ్‌లు చేత్తో రాసినదే. ఏ వార్త వేయాలి, ఏది పైన, ఏది కింద, ఏది కొట్టేయాలి అన్నది డెస్కు మీది సబ్ ఎడిటర్ల పని. వాళ్ళు తేల్చినదాన్ని హర్ఫ్ హర్ఫ్‌గా దిద్ది సఫా నింపేది కాతిబ్‌లు.

గేమ్‌లో ప్రాసెసర్ అంటే డెస్కు. దుష్మన్ ఏ గోడ వెనక ఉన్నాడు, గోలీ తగిలిందా తప్పిందా, తలుపు తెరుచుకుందా, ఇంటర్నెట్‌కు అవతల ఆడేవాడు ఏ బటన్ నొక్కాడు అని లెక్కగట్టి, "ఈ బొమ్మలో ఇవి ఉండాలి" అని చీటీ రాసి పంపుతుంది. గ్రాఫిక్స్ కార్డు కాతిబ్‌ఖానా. ఆ చీటీ చూసి రంగు, వెలుగు, నీడ అన్నీ దిద్ది తెర మీద పరుస్తుంది. సెకనుకు 60 బొమ్మలు కావాలంటే ఒక్కో బొమ్మకు దొరికే టైము 16.7 మిల్లీసెకన్లు. సెకనుకు 144 కావాలంటే 7 మిల్లీసెకన్లు కూడా ఉండదు. ఏ ఎడిషన్ డెడ్‌లైనూ ఇంత జాలిమ్‌గా ఉండదు.

మేం చివరికి కొన్న రైజెన్ 5 5600 ప్రాసెసర్‌లో కోర్లు ఆరు. ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డులో చిన్న చిన్న లెక్కలు చేసే యూనిట్లు 1,792. ఆరుగురు సబ్ ఎడిటర్లు, 1,792 మంది కాతిబ్‌లు. ఈ లెక్క చెప్తే మావాడు నవ్వాడు గానీ కాదనలేదు. "మరి నువ్వేం చేస్తున్నవ్?" అన్నాను. "దేశంలోకెల్లా తేజ్ సబ్ ఎడిటర్లను పెట్టి, కాతిబ్‌లు లేకుండా అఖ్బార్ తెస్తానంటున్నవ్."

నిజానికి వాడు చెప్పిన 7800ఎక్స్3డీలో సొంతంగా బొమ్మ గీసే చిన్న ముక్క ఒకటి ఉంది. దాంతో తెర వెలుగుతుంది, సినిమా చూడొచ్చు, టైప్ చేసుకోవచ్చు. పెద్ద గేమ్‌ను దాని మీద ఆడడమంటే ఒక్క కాతిబ్‌తో ఆదివారం సంచిక తేవడమే.

ఇక యూట్యూబ్ గ్రాఫుల సంగతి. మావాడు నాకు చూపించిన సబూత్ అంతా అదే. పొడుగు పట్టీలు, పొట్టి పట్టీలు, పైన 7800ఎక్స్3డీ, ఎక్కడో కింద 5600. మూడు రోజులు ఆ వీడియోలు చూశాక నాకు కనిపించింది ఒకటుంది. వాటిలో చాలావాటికి ఒక మూలన చిన్న అక్షరాల్లో టెస్టు దేని మీద చేశారో రాసి ఉంటుంది. ఆర్‌టీఎక్స్ 4090. మా మొత్తం కంప్యూటర్ ఖరీదుకు రెండింతలు పెట్టినా ఆ ఒక్క గ్రాఫిక్స్ కార్డు రాదు.

ఇందులో ధోకా లేదు. ప్రాసెసర్‌ల మధ్య ఫరక్ తెలియాలంటే అలాగే చూడాలి. వెయ్యి మంది కాతిబ్‌ల చోట పది వేల మందిని కూర్చోబెట్టి, సఫా సైజు చిన్నది చేస్తే, ఇక ఆలస్యం జరిగితే డెస్కు దగ్గరే జరగాలి. అప్పుడు ఏ డెస్కు ఎంత తేజో బయటపడుతుంది. అందుకే ఆ టెస్టులు 1080పీలో, అన్నిటికంటే ఖరీదైన కార్డుతో చేస్తారు. మన ఇంట్లో అంతమంది కాతిబ్‌లు ఉండరు. ఆర్‌ఎక్స్ 6600 లాంటి కార్డుతో బరువైన గేమ్ ఆడితే, డెస్కు మీద ఎవరున్నా కాపీ వచ్చి కాతిబ్‌ల దగ్గర పేరుకుంటుంది. అక్కడ 5600కూ, దానికి మూడింతలు ఖరీదున్న ప్రాసెసర్‌కూ కంటికి కనిపించే ఫరక్ ఉండదు.

సఫా సైజు అన్నాను కదా, అది కూడా చెప్పాలి. 1080పీ తెర మీద చుక్కలు దాదాపు 20 లక్షల 73 వేలు. 4కే తెర మీద సరిగ్గా దానికి నాలుగింతలు. సఫా నాలుగింతలైతే కాతిబ్‌ల పని నాలుగింతలవుతుంది. డెస్కు పని మాత్రం పెద్దగా మారదు. దుష్మన్ ఎక్కడున్నాడన్న లెక్క తెర చిన్నదైనా పెద్దదైనా ఒకటే కదా. కాబట్టి పెద్ద తెర కొనేవాడు ప్రాసెసర్ మీద కాస్త తగ్గించుకోవచ్చు. చిన్న తెర మీద వేగంగా ఆడేవాడు మాత్రం డెస్కును చులకన చేయకూడదు.

మావాడు ఈ రెండో రకం. వాడి జాన్ అంతా వాలొరెంట్‌లో ఉంది. ఐదుగురు ఇటు, ఐదుగురు అటు ఉండే తుపాకుల ఆట. బొమ్మలు సాదాగా ఉంటాయి, కాతిబ్‌లకు పెద్ద కష్టం లేదు. ఆడేవాళ్ళు కోరుకునేది సెకనుకు 144, 200, అంతకంటే ఎక్కువ బొమ్మలు. అక్కడ డెస్కే గట్టిగా ఉండాలి. కౌంటర్ స్ట్రైక్ 2 కూడా ఇదే ఖాందాన్. సైబర్‌పంక్ 2077 లాంటి ఆటలో నగరం, వాన, అద్దాల మీద మెరుపులు అన్నీ గీయాలి కాబట్టి అక్కడ భారం కాతిబ్‌లదే. ఏ ప్రాసెసర్ మంచిదని ఎవరైనా అడిగితే తిరిగి అడగాల్సింది, "ఏ గేమ్ ఆడతవ్, ఏ తెర మీద ఆడతవ్?" అని. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర పార్క్ లేన్‌లో చినాయ్ ట్రేడ్ సెంటర్ అని కంప్యూటర్ల బజార్ ఉంది. మేం రెండు సాయంత్రాలు తిరిగిన దుకాణాల్లో ఈ ప్రశ్న అడిగినవాడు ఒక్కడే. కౌంటర్ వెనక ముసలాయన. "బచ్చా కౌన్సా గేమ్ ఖేల్తా?" అని నన్ను అడగలేదు, నేరుగా మావాణ్ణే అడిగాడు. మేం కొన్నది ఆయన దగ్గరే.

మిగతాచోట్ల మొదటి ప్రశ్న బజట్ ఎంతని. ఒకచోట ఇంకా తమాషా. పాతిక వేలకే ఐ7 గేమింగ్ పీసీ ఇస్తానన్నాడు. మావాడి ముఖం వెలిగింది. ఐ3, ఐ5, ఐ7 అంటే పదో తరగతి, ఇంటర్, డిగ్రీ లాంటి మెట్లని మనకు ఒక ఊహ. నేను పెట్టె తెరిచి నంబర్ చూపించమన్నాను. 4770. అంటే ఇంటెల్ నాలుగో నస్ల్, 2013లో వచ్చిన మాల్. ఆ రోజుల్లో అది నవాబే. దానిలో నాలుగు కోర్లు. 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్‌లోనూ నాలుగు కోర్లే, కానీ ఈ పిల్ల ఐ3 ఆ తాత ఐ7ను ఆటలో సునాయాసంగా దాటేస్తుంది. పైగా విండోస్ 11 ఆ నాలుగో నస్ల్‌ను ఒప్పుకోదు. విండోస్ 10కి 2025 అక్టోబర్‌తో సపోర్టు ఆగిపోతుందని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పి ఉంది. ఐదేళ్ళ అమానత్‌ను ఏడాదిన్నరలో మూతపడే గల్లీలో పెడతామా?

అందుకని పేరు చదవడం నేర్చుకోవాలి. కష్టమేం కాదు. ఐ5-12400ఎఫ్ తీసుకోండి. ఐ5 అన్నది దర్జా. ఆ తర్వాతి 12 అన్నది నస్ల్, అంటే తరం. 400 అన్నది ఆ తరంలో దాని స్థానం. చివరి ఎఫ్ అంటే సొంతంగా బొమ్మ గీసే ముక్క లేదని. గ్రాఫిక్స్ కార్డు పెట్టకపోతే తెర నల్లగానే ఉంటుంది. కే అని ఉంటే వేగాన్ని చేత్తో పెంచుకోవచ్చు. మొదటిసారి కంప్యూటర్ కట్టేవాడికి దాంతో పని లేదు. దర్జా కంటే ముందు చూడాల్సింది తరం.

ఏఎండీ వాళ్ళ పేర్లలో ఇంకో చిక్కుంది. 5600, 5600జీ. చూడడానికి అన్నదమ్ములు. జీ అంటే గ్రాఫిక్స్ ముక్క ఉన్నది. ఉన్నది కాబట్టి మంచిదే కదా అనిపిస్తుంది. కానీ 5600లో 32 ఎంబీ ఉండే ఎల్3 క్యాష్ జీలో సగమే, 16 ఎంబీ. క్యాష్ అంటే మా ఇంటి భాషలో పొయ్యి పక్కన ఉండే మసాలా డబ్బా. లవంగం కావలసినప్పుడల్లా లోపలి గదిలోకి పోతే కూర మాడుతుంది. డబ్బా పెద్దదైతే పోపు దగ్గర్నుంచి కదలనక్కర్లేదు. ర్యామ్ అంటే ఆ లోపలి గది, డిస్కు అంటే నుక్కడ్ మీది కిరాణా దుకాణం. మావాడు మోజుపడ్డ ఎక్స్3డీ అసలు హునర్ కూడా ఇదే. ఉన్న డబ్బా మీద ఇంకో డబ్బా నిలబెట్టి 96 ఎంబీ చేశారు. అంతకుమించి జాదూ ఏం లేదు.

ఇది విని వాళ్ళమ్మీ అడిగిన ప్రశ్న చాలా గట్టిది. "ఆ జీ ఏదో కొని, కార్డు వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు కదా? సగం ఇప్పుడు, సగం అప్పుడు." చేతిలో ముప్పై, ముప్పై అయిదు వేలే ఉన్న ఇంటికి నేను ఇదే మష్వరా ఇస్తాను. 5600జీ మీద వాలొరెంట్ బాగానే నడుస్తుంది, ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. కానీ మా దగ్గర 70 ఉన్నాయి, మళ్ళీ అడగొద్దన్న షరతూ ఉంది. ఎప్పటికో కొనే కార్డు కోసం ఈరోజే చిన్న మసాలా డబ్బాకు కట్టుబడడం మాకు గిట్టలేదు.

చివరికి కాగితం మీద మూడు మిగిలాయి. ఐ5-12400ఎఫ్, రైజెన్ 5 5600, రైజెన్ 5 7600. మూడింటిలోనూ ఆరు కోర్లు, ఒక్కో కోరు రెండేసి పనులు పట్టుకుంటుంది. ఎనిమిది కోర్లు వద్దా అని మావాడి దోస్తులు గోల చేశారు. గేమ్‌లో ఆరుగురూ సమానంగా పని చేయరు. ప్రతి డెస్కులో ఉన్నట్టే ఒక చీఫ్ సబ్ ఉంటాడు, భారమంతా వాడి మీదే. వాడు తేజ్‌గా ఉంటే బండి నడుస్తుంది. వాడు మొద్దుగా ఉంటే పక్కన ఇంకా ఇద్దర్ని కూర్చోబెట్టినా పేజీ తెమలదు. పీఎస్5లో ఎనిమిది కోర్లున్నాయి నిజమే, కానీ అవి 2019 నాటి జెన్ 2 నస్ల్‌వి. 5600లోవి దాని తర్వాతి జెన్ 3.

12400ఎఫ్‌కూ 5600కూ మధ్య ఆటలో ఫరక్ వెతకడం మోజంజాహీ మార్కెట్‌లో రెండు ఐస్‌క్రీం దుకాణాల మధ్య ఫైస్లా చెప్పడం లాంటిది. ఎవడి ఇష్టం వాడిది. అసలు జంగ్ 5600కూ 7600కూ మధ్య జరిగింది. నేను ఒకవైపు, మావాడు ఒకవైపు.

7600 కొత్త తరం. 2023 జనవరిలో వచ్చింది. అది కూర్చునే సాకెట్ ఏఎం5. ప్రాసెసర్ కొనేవాళ్ళు సాకెట్ గురించి తక్కువ మాట్లాడుతారు గానీ ఐదేళ్ళ హిసాబ్‌లో అసలు మాట అదే. ప్రాసెసర్ కిరాయిదారు, సాకెట్ ఇల్లు. కిరాయిదారును మార్చడం సులువు. ఇల్లు మార్చాలంటే మదర్‌బోర్డు మారాలి, చాలాసార్లు మెమరీ కూడా మారాలి. ఏఎం5లో డీడీఆర్5 మెమరీ తప్ప వేరేది పట్టదు. 5600 కూర్చునేది ఏఎం4. మొదటి రైజెన్‌లు 2017లో వచ్చింది ఈ ఇంట్లోకే. ఏఎండీ దాన్ని దాటి ముందుకు పోయింది, కొత్త తరాలు ఇక అందులోకి రావు.

"ఖతమైపోయిన సాకెట్‌లో పైసలు పెడతరా అబ్బా? అమ్మీ ఐదేళ్ళంది కదా!" మావాడి దలీల్ బలమైంది. నేను దాన్ని కొట్టిపారేయలేదు. కాగితం మీద వేశాం. 7600, దానికి తగిన బోర్డు, డీడీఆర్5 కలిపితే 5600 సెట్టు కంటే 12, 13 వేలు ఎక్కువ. ఆ 13 వేలు ఎక్కణ్ణుంచి రావాలి? 20 వేల గ్రాఫిక్స్ కార్డు నుంచి. అప్పుడు కాతిబ్‌ఖానా ఏడు వేలకు దిగుతుంది. ఆ ధరకు పనికొచ్చే కొత్త కార్డు బజార్‌లో లేదు. లేదంటే స్క్రీన్ వదులుకోవాలి. తెర లేని కంప్యూటర్, కాతిబ్‌లు లేని అఖ్బార్, ఏది కావాలి? చేతిలో 90 వేలుంటే నేను రెండో మాట లేకుండా 7600 అనేవాణ్ణి. 70 దగ్గర అది తనాసుబ్ తప్పుతుంది.

అయినా ఐదేళ్ళన్న ఫికర్ నన్నూ వదల్లేదు. ఆ రాత్రి దారి దొరికింది, దొరికించుకున్నది మావాడే. ఖతమైంది ఖతమైంది అంటున్న ఏఎం4 కోసం ఏఎండీ 2024 జనవరి చివర్లో ఇంకో ప్రాసెసర్ తెచ్చింది. 5700ఎక్స్3డీ. ఎనిమిది కోర్లు, 96 ఎంబీ మసాలా డబ్బా. వాడు కోరుకున్నదాని వెనకటి తరం అన్న. బోర్డు మార్చకుండా, మెమరీ మార్చకుండా 5600ను తీసి దాన్ని పెట్టుకోవచ్చు. కూలర్ మాత్రం విడిగా కొనాలి, దాంతో రాదు. రెండేళ్ళ తర్వాత వాడే ఎడిటింగో టైపింగో చేసి నాలుగు పైసలు సంపాదిస్తే వాడే కొనుక్కుంటాడు. వాళ్ళమ్మీ షరతు వాళ్ళమ్మీ దగ్గరే ఉంటుంది. "తో ఫిర్ 5600 లేలో అబ్బా" అన్నాడు. గెలిచినవాడి గొంతుతోనే అన్నాడు. నేనేం అనలేదు.

ఆ జూన్‌లో ఏఎండీ ఏఎం5ను 2027 దాకా, ఆ పైనా నడిపిస్తామని ప్రకటించింది. మావాడు ఆ వార్త నాకు పంపించాడు, ఒక ఏడుపు ముఖం బొమ్మతో. వాడి ముచ్చట న్యాయమైనదే. పైసలున్నవాళ్ళకు కొత్త ఇల్లు మంచిదే.

వేడి సంగతి కూడా నేను చూశాను. మా గదికి ఏసీ లేదు, ఏప్రిల్‌లో పంకా కింద కూడా చెమట పట్టే పైఅంతస్తు. 5600 రాసుకున్న లెక్క 65 వాట్లు, పెట్టెలోనే చిన్న కూలర్ ఇస్తారు. మా ఎండలకు అది కాస్త చప్పుడు చేస్తుంది, కానీ పని చేస్తుంది. 12400ఎఫ్ కూడా 65 అనే రాసుకుంటుంది, గట్టిగా పరిగెత్తేటప్పుడు 117 దాకా పోయే ఇజాజత్ ఉంది. మా ఫైస్లాలో ఇది చివరి చిన్న రాయి. పెద్ద రాయి బోర్డు ధర, ఆ తర్వాత 5700ఎక్స్3డీ. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. పాత స్టాకు బోర్డు తగిలితే 5600ను అది గుర్తుపట్టకపోవచ్చు, బయాస్ మార్చాల్సి వస్తుంది. దుకాణంలోనే ఆన్ చేయించి చూసుకోండి. ముసలాయన మేం అడక్కముందే చేసి చూపించాడు.

ఇంటికి తెచ్చి కూర్చోబెట్టింది దస్తర్‌ఖాన్ మీదే. వెనకేసుకోవడానికి బల్ల లేదు. ఏఎం4 ప్రాసెసర్‌కు కింద 1,331 పిన్నులుంటాయి, వెంట్రుకల్లాంటివి. ఒక మూలన చిన్న బంగారు త్రికోణం. సాకెట్ మీది త్రికోణాన్ని దానికి జత చేసి, పక్కనున్న కమ్మీ లేపి, చేత్తో వదిలేస్తే తన బరువుతో తనే దిగాలి. నొక్కకూడదు. కళ్ళజోడు నాది, వేళ్ళు వాడివి. వాళ్ళమ్మీ తలుపు దగ్గర నిలబడి ఊపిరి బిగబట్టి చూసింది. దిగింది. కమ్మీ వేశాడు.

మూడు రోజుల తర్వాత తెర మూలన ఒక చిన్న లెక్కల పట్టీ పెట్టించి చూశాను. సైబర్‌పంక్‌లో గ్రాఫిక్స్ కార్డు 97, 98 శాతం దగ్గర ఊగుతోంది, ప్రాసెసర్ సగం దగ్గర తీరిగ్గా ఉంది. వాలొరెంట్ పెట్టాడు. కాతిబ్‌లు చాయ్‌కి పోయారు, డెస్కు చెమటలు కక్కుతోంది, బొమ్మలు సెకనుకు 200 దాటుతున్నాయి. 144 హెర్ట్జ్ తెర అందులో 144కు మించి చూపించలేదు, అయినా వాడికి ఆ అంకె చూసుకోవడం ఇష్టం. గేమింగ్ కెఫేకు పోవడం తగ్గింది, పూర్తిగా మానలేదు. దోస్తులు అక్కడే ఉంటారు కదా.

ఖాళీ డబ్బాలు పారేద్దామంటే వాళ్ళమ్మీ ఒప్పుకోలేదు. ప్రాసెసర్ వారంటీ మూడేళ్ళని విన్నది. బిల్లు డబ్బాలో పెట్టి, పైన మార్కర్‌తో తారీఖు రాసి, బీరువా మీద పెట్టించింది. ఫ్రిజ్ కోసం కొత్త చిట్టీ మరుసటి నెల నుంచి మొదలైంది.